దురాత్మలపై అధికారం (క్రైస్తవం)

మనుషులను పట్టి పీడించే దురాత్మలు ఉన్నాయనీ, యేసు పేరిట గద్దిస్తే అవి వదిలిపోతాయనీ, అలా గద్దించే అధికారాన్ని ఆయనే తన శిష్యులకు ఇచ్చాడనీ క్రైస్తవం తొలి రోజుల నుంచీ నమ్ముతోంది. తెలుగు ప్రొటెస్టెంటు సంఘాల్లో దీన్ని దయ్యాలు వెళ్ళగొట్టడమనీ, విడుదల పరిచర్య అనీ అంటారు. కతోలికుల రాతల్లో భూతోచ్చాటన అన్న మాట కనిపిస్తుంది. బిషప్ దగ్గర ప్రత్యేక అనుమతి తీసుకున్న గురువు గ్రంథం చూసి జరిపే తంతు ఇందులోకే వస్తుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరు తల మీద చెయ్యి వేసి బిగ్గరగా గద్దించడమూ ఇందులోకే వస్తుంది.

దయ్యాలు నిజంగా ఉన్నాయా అన్నది ఎక్కువగా బయటివారి ప్రశ్న. చర్చి లోపలి వాదులాట చాలావరకు ఇంకో ప్రశ్న చుట్టూ తిరిగింది: ఆ పేరు ఎత్తి ఆజ్ఞాపించే హక్కు ఎవరిది? నమ్మిన ప్రతి మనిషిదా, ప్రత్యేక వరం పొందినవాడిదా, చర్చి నియమించిన అధికారిదా? మూడు జవాబులకూ కొత్త నిబంధనలోనే ఆధారాలు దొరుకుతాయి. చిక్కు అక్కడే మొదలవుతుంది.

సువార్తలు, అపొస్తలుల కార్యాలు

మార్కు సువార్తలో యేసు పదిమందిలో చేసిన మొదటి అద్భుతం ఇదే. విశ్రాంతి దినాన కపెర్నహూము సమాజమందిరంలో ఆయన బోధిస్తుండగా అపవిత్రాత్మ పట్టినవాడొకడు కేకలు పెడతాడు. నోరు మూసుకొని వాడిలోంచి బయటికి రమ్మని యేసు గద్దిస్తాడు, అది వదిలిపోతుంది. అక్కడి జనం ఆశ్చర్యపోయింది ఆ అధికారానికి. దయ్యాలు వదిలించేవాళ్ళు యూదుల్లో అప్పటికే ఉన్నారు కాబట్టి ఆ పని వాళ్ళకు కొత్త కాదు. తోబితు గ్రంథంలో చేప గుండె, కాలేయం నిప్పుల మీద వేసి పొగ పెడితే అస్మోదియస్ అనే దయ్యం ఐగుప్తు దాకా పారిపోతుంది. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ తాను కళ్ళారా చూసిన సంగతి ఒకటి రాశాడు. ఎలియాజరు అనే యూదుడు వెస్పాసియన్ ఎదుట రోగి ముక్కు దగ్గర ఉంగరం పెట్టాడట. అందులో సొలొమోను చెప్పిన వేరు ఉంది. దయ్యాన్ని లాగాక, అది నిజంగానే పోయిందని చూపడానికి పక్కన పెట్టిన నీళ్ళ పాత్రను దాని చేతే తలకిందులు చేయించాడట. యేసు దగ్గర వేరూ లేదు, పొగా లేదు, సొలొమోను పేరూ లేదు. సొంత నోటి మాట ఒక్కటే ఉంది. మార్కు పదే పదే చూపేది ఆ తేడానే.

గెరాసేనుల దేశంలో జరిగిన కథ వీటన్నిటిలోకీ పెద్దది. సమాధుల మధ్య తిరుగుతూ, వేసిన గొలుసులు తెంపుకుంటూ, రాళ్ళతో ఒళ్ళు గాయం చేసుకునే మనిషి యేసుకు ఎదురొస్తాడు. పేరు అడిగితే సేన అని జవాబు. ఆ ఆత్మలు పందుల్లోకి పోవడానికి సెలవు అడుగుతాయి. సుమారు రెండు వేల పందులు గట్టు మీంచి సముద్రంలో పడి చస్తాయి. బాగుపడినవాడు బట్టలు కట్టుకొని నిమ్మళంగా కూర్చున్నాడు. అది చూసి భయపడ్డ ఊరివాళ్ళు యేసునే తమ ప్రాంతం వదిలి పొమ్మని బతిమాలుకుంటారు. ఈ కథ పండితులకు చాలా పని పెట్టింది. గెరాసా పట్టణం గలిలయ సరస్సుకు చాలా దూరం. అందుకే కొన్ని ప్రతుల్లో గదరేనీయులు అనీ, కొన్నిట్లో గెర్గెసేనులు అనీ ఉంది. ఈ తిరకాసును మూడో శతాబ్దంలోనే క్రైస్తవ పండితుడు ఓరిజెన్ గమనించాడు. సేన అని తెలుగు చేసిన మాట రోమా సైనిక దళం పేరు కావడంతో, పరాయి పాలన కింద నలిగిన నేల బాధ ఈ కథలో దాగి ఉందని చదివినవాళ్ళు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చారు. ఆ చదువు ఆకట్టుకుంటుంది కానీ, మార్కు కథలో బాగుపడ్డ మనిషిని మించి దాన్ని సాగదీయడం కష్టం.

యేసు విరోధులు ఈ పనులు జరగలేదని ఎక్కడా అనలేదు. యెరూషలేము నుంచి వచ్చిన శాస్త్రులు అన్నది వేరు: దయ్యాల అధిపతి బయల్జెబూలు సాయంతోనే ఈయన దయ్యాలను వెళ్ళగొడుతున్నాడని. తగాదా మొత్తం అధికారం ఎక్కడి నుంచి వచ్చిందన్న దాని మీదే. యేసు జవాబులో ఒక ఎదురు ప్రశ్న ఉంది. మరి మీవాళ్ళు ఎవరి సాయంతో వెళ్ళగొడుతున్నారని అడిగాడు. అంటే తన గుంపు బయట కూడా ఈ పని జరుగుతోందని ఒప్పుకున్నట్టే. మార్కు 9వ అధ్యాయంలో ఈ సంగతి ఇంకా సూటిగా వస్తుంది. మూగ ఆత్మ పట్టిన కుర్రవాడిని శిష్యులు బాగుచేయలేకపోతారు. ప్రార్థన వల్లనే తప్ప ఇది పోదని యేసు చెబుతాడు. అదే అధ్యాయంలో కొంచెం కిందికి వస్తే, తమతో తిరగనివాడెవడో యేసు పేరిట దయ్యాలను వెళ్ళగొడుతుంటే తాము అడ్డుపడ్డామని యోహాను గొప్పగా చెబుతాడు. తమ చేత కాని పనిని చేస్తున్నవాణ్ణి ఆపబోయారన్న మాట. ఆపవద్దని యేసు అంటాడు.

పన్నెండుమందికి ఈ అధికారం ఇచ్చి పంపినట్టు మొదటి మూడు సువార్తలూ చెబుతాయి. లూకా మరో డెబ్బైమందిని చేరుస్తాడు. దయ్యాలు సైతం లోబడుతున్నాయని వాళ్ళు సంబరంగా తిరిగి వస్తే, సంతోషించవలసింది దానికి కాదని యేసు వారిస్తాడు. మత్తయిలో హెచ్చరిక ఇంకా కటువు. ఆయన పేరిట దయ్యాలను వెళ్ళగొట్టినవాళ్ళలో కొందరిని తాను ఎరగనని తీర్పు దినాన యేసు చెబుతాడట. యోహాను సువార్తలో దయ్యం వెళ్ళగొట్టిన సంఘటన ఒక్కటీ లేదు. అక్కడ ఈ లోకాధికారి బయటికి తోయబడేది సిలువ దగ్గరే.

అపొస్తలుల కార్యాల్లో ఫిలిప్పీ, ఎఫెసు పట్టణాల సంఘటనలు ముఖ్యమైనవి. ఫిలిప్పీలో సోదె చెప్పే దాసి పిల్లను పౌలు విడిపిస్తే, ఆమె సోదె మీద సంపాదించుకునే యజమానులు రాబడి పోయిందని అతణ్ణి న్యాయాధిపతుల దగ్గరికి ఈడుస్తారు. ఎఫెసులో స్కెవ అనే యాజకుడి ఏడుగురు కొడుకులు పౌలు ప్రకటించే యేసు పేరిట దయ్యాన్ని ఆజ్ఞాపించబోతారు. యేసు తెలుసు, పౌలూ తెలుసు, మీరెవరని అడిగి ఆ మనిషి వాళ్ళ మీద పడి చావబాదుతాడు. బట్టల్లేకుండా పారిపోతారు. లూకా ఈ కథను కొంత హాస్యంగానే చెప్పాడు, లోపల వాదం మాత్రం గట్టిది. యేసు పేరు మంత్రం కాదు, దాని వెనుక ఉన్నవాడితో సంబంధం లేకుండా అది పనిచేయదు. ఆ తరువాత మంత్ర విద్య చేసేవాళ్ళు తమ పుస్తకాలు తెచ్చి అందరి ముందు కాల్చారు. వాటి విలువ యాభైవేల వెండి నాణేలు.

నేటి కూడికల్లో ఎక్కువగా ఎత్తే వచనాలు మార్కు 16వ అధ్యాయం చివర ఉన్నాయి. నమ్మినవాళ్ళ వెంట సూచక క్రియలు కనబడతాయనీ, వాళ్ళు దయ్యాలను వెళ్ళగొడతారనీ అక్కడుంది. నాలుగో శతాబ్దపు రెండు ప్రధాన ప్రతుల్లో, సైనైటికస్, వాటికానస్‌లలో, ఆ భాగం లేదు. అది తరువాత చేరిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అలా చేరినదే అయినా రెండో శతాబ్దపు సంఘం తన గురించి ఏమనుకుందో అది చెబుతుంది.

వరం నుంచి పదవికి

రెండు, మూడు శతాబ్దాల క్రైస్తవ రచయితలకు ఈ అధికారం బహిరంగ సాక్ష్యం. మిగతా మాంత్రికుల వల్ల కానివాళ్ళను రోమా నగరంలో క్రైస్తవులు బాగుచేశారని జస్టిన్ రాశాడు. దయ్యం పట్టినవాణ్ణి న్యాయస్థానంలో నిలబెట్టండి, క్రైస్తవుల్లో ఎవరైనా సరే దాని చేత నిజం చెప్పిస్తారని 197 ప్రాంతంలో కార్తేజికి చెందిన టెర్టూలియన్ సవాలు విసిరాడు. ఈ పని చేసేది ఎక్కువగా చదువులేని సాదా మనుషులేననీ, అదే క్రీస్తు పేరుకున్న బలానికి రుజువనీ ఓరిజెన్ వాదించాడు. రోమా సామ్రాజ్యం క్రైస్తవం వైపు మళ్ళడానికి ఈ బహిరంగ ప్రదర్శనలు పెద్ద కారణమని చరిత్రకారుడు రామ్సే మెక్ముల్లెన్ 1984లో వచ్చిన తన పుస్తకంలో గట్టిగా చెప్పాడు. అన్యదేవతలందరూ దయ్యాలేనన్న వాదన కూడా ఈ రచయితల దగ్గర స్థిరపడింది. దాని బరువు తరువాతి కాలంలో ఎన్నో దేశాల మీద పడింది.

సాదా మనుషుల చేతిలోని ఈ వరం ఎంతో కాలం అలా ఉండలేదు. 251లో పోపు కొర్నేలియస్ అంతియొకయ బిషప్‌కు రాసిన ఉత్తరాన్ని సంఘ చరిత్రకారుడు యూసేబియస్ తన గ్రంథంలో భద్రపరిచాడు. రోమా సంఘంలో 46 మంది పెద్దలు, ఏడుగురు డీకన్లు, ఏడుగురు ఉపడీకన్లు, 42 మంది అకొలైట్లు ఉన్నారనీ, ఉచ్చాటకులు, చదువరులు, ద్వారపాలకులు కలిసి 52 మంది ఉన్నారనీ అందులో లెక్క ఉంది. ఉచ్చాటన అప్పటికే కొలువు అయిపోయింది. నాలుగో శతాబ్దంలో లవొదికయ సభ నియమాల్లో, బిషప్ నియమించనివాళ్ళు చర్చిలో గానీ ఇళ్ళలో గానీ ఉచ్చాటన చేయకూడదన్నది ఒకటి. మతగురువులు మాంత్రికులుగా ఉండరాదు, తాయెత్తులు కట్టరాదు అన్నది ఇంకొకటి. రెండో నియమం అవసరమైందంటేనే అక్కడ ఏం జరుగుతోందో తెలుస్తుంది.

ఉచ్చాటన ఎక్కువమందికి తగిలింది బాప్తిస్మం దగ్గర. బాప్తిస్మానికి సిద్ధపడుతున్నవాళ్ళ మీద వారాల తరబడి ఉచ్చాటన ప్రార్థనలు చేసేవారు. యెరూషలేములో బిషప్ సిరిల్ కాలానికి, అంటే నాలుగో శతాబ్దం నడుమ, బాప్తిస్మం పొందేవాడు చీకటి దిక్కైన పడమరకు తిరిగి, చెయ్యి చాచి, సాతానును ముఖాముఖి వదులుకునేవాడు. తూర్పు ఆర్థడాక్సు సంఘాల్లో పడమరకు తిరగడం నేటికీ ఉంది. పసిపిల్లల ముఖం మీద ఊది చేసే ఉచ్చాటనను అగస్టీన్, పుట్టుకతో వచ్చే పాపాన్ని ఒప్పుకోని పెలేజియన్లతో వాదంలో ఆధారంగా చూపాడు: ఏ పాపమూ లేని పిల్లలైతే వాళ్ళ మీద ఊదడం దేనికని. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. క్రైస్తవ సిద్ధాంతంలో సాతాను దేవుడికి సరిజోడు కాడు. దయ్యాలను దేవుడు మంచివిగానే సృష్టించాడనీ, అవి తమంతట తామే చెడ్డాయనీ 1215లో నాలుగో లాటరన్ సభ తీర్మానించింది. కాబట్టి ఉచ్చాటన సమఉజ్జీల కుస్తీ కాదు. గెలిచినవాడి ఆజ్ఞను అమలుపరచడం మాత్రమే.

కతోలిక చర్చిలో నేటి కట్టుదిట్టానికి పునాది 1614లో అయిదో పౌలు పోపు ప్రకటించిన రోమా విధిగ్రంథం. దయ్యం పట్టిందని తొందరగా నమ్మవద్దన్నదే అందులోని తొలి సూచన. తెలియని భాష ధారాళంగా మాట్లాడడం, దూరాన ఉన్నవీ దాగి ఉన్నవీ చెప్పడం, వయసుకూ ఒంటికీ మించిన బలం చూపడం అన్నవి గుర్తులు. దయ్యంతో కబుర్లలోకి దిగవద్దనీ, మందులు ఇచ్చే పని వైద్యుడికి వదిలేయాలనీ ఉంది. 1983 చట్టసంహితలోని 1172వ నియమం ప్రకారం ప్రాంతీయ బిషప్ ప్రత్యేకంగా, స్పష్టంగా అనుమతిస్తే తప్ప ఎవరూ ఉచ్చాటన జరపరాదు. ఆ అనుమతి భక్తి, జ్ఞానం, వివేకం, మచ్చలేని నడవడి ఉన్న గురువుకే ఇవ్వాలి. ఉచ్చాటకుడన్న చిన్న పదవిని 1972లో ఆరో పౌలు పోపు రద్దు చేశాడు. 1985లో విశ్వాస సిద్ధాంత కార్యాలయం ప్రార్థన గుంపుల మీద ఉత్తరం రాస్తూ, అనుమతి లేనివాళ్ళు దయ్యాన్ని ప్రశ్నించి పేరు రాబట్టే సభలు నడపవద్దంది. 1999లో వచ్చిన కొత్త విధిలో దేవుణ్ణి వేడుకునే ప్రార్థన తప్పనిసరి, దయ్యాన్ని నేరుగా ఆజ్ఞాపించేది ఐచ్ఛికం. రోమాలో చాలా ఏళ్ళు ఉచ్చాటకుడిగా పనిచేసిన గాబ్రియేలె ఆమోర్త్ (1925–2016) ఈ విధి చేతిలోని ఆయుధాన్ని మొద్దుబార్చిందని బహిరంగంగా విమర్శించాడు. ఆయన మొదలుపెట్టిన ఉచ్చాటకుల సంఘానికి 2014లో వాటికన్ గుర్తింపు దక్కింది.

సంస్కరణ, కోర్టులు

లూథర్ తన బాప్తిస్మ విధిలో ఉచ్చాటనను కొంత కుదించి ఉంచాడు. కాల్విన్ అనుచరులు దాన్ని మూఢాచారమని తీసేశారు. ఇంగ్లండులో 1549 ప్రార్థన గ్రంథంలో ఉన్నది 1552లో మాయమైంది. జర్మనీలోని సాక్సనీలో బాప్తిస్మ ఉచ్చాటన తీసేయడం 1591లో పెద్ద అల్లరికి దారితీసింది. ఆ మార్పుల వెనుక నిలిచిన ఛాన్సలర్ నికొలాస్ క్రెల్‌ను పదేళ్ళు ఖైదులో పెట్టి 1601లో డ్రెస్డెన్‌లో తల నరికారు. ఇంగ్లండులో ప్యూరిటన్ బోధకుడు జాన్ డారెల్ ఉపవాస ప్రార్థనలతో దయ్యాలు వెళ్ళగొడుతున్నాడని పేరు పడి, 1599లో మోసగాడని శిక్షకు గురయ్యాడు. బిషప్ అనుమతి లేకుండా ఉపవాస ప్రార్థనలతో దయ్యాలు వెళ్ళగొట్టరాదని 1604 నాటి ఆంగ్లికన్ నియమాల్లో చేరడానికి అదే నేపథ్యం. ఉపవాస ప్రార్థనకు అనుమతి కావాలనడం తెలుగు క్రైస్తవులకు వింతగా తోచవచ్చు.

ఫ్రాన్సులోని లూడన్‌లో జరిగింది దారుణం. ఉర్సులైన్ మఠ కన్యకలకు దయ్యాలు పట్టాయని జనం ముందు ఉచ్చాటనలు నడిపారు. ఆ దయ్యాల చేత చెప్పించిన సాక్ష్యాన్ని ఆసరా చేసుకుని ఉర్బేన్ గ్రాందియే అనే గురువును 1634 ఆగస్టు 18న సజీవంగా కాల్చారు. అబద్ధానికి తండ్రి అని బైబిలే చెప్పినవాడి మాటను సాక్ష్యంగా తీసుకోవడం ఏ శాస్త్రం ప్రకారమో వాళ్ళకే తెలియాలి.

ఆ తరువాతి శతాబ్దంలో దక్షిణ జర్మనీలో గాస్నర్ అనే గురువు వేలమందికి ఉచ్చాటన చేసి పేరు పొందాడు. 1775లో మెస్మర్ అనే వైద్యుడు అదంతా తాను చెప్పే ఆకర్షణ శక్తేనని కొట్టిపారేశాడు. ప్రొటెస్టెంట్లలో ఈ మాటను తిరిగి లేపినవాడు యోహాన్ క్రిస్టోఫ్ బ్లూమ్‌హార్ట్. వుర్టెంబర్గ్‌లోని మోట్లింగెన్ అనే పల్లె పాస్టరు. ఒక యువతి కోసం రెండేళ్ళు ప్రార్థించాడు. 1843 క్రిస్మస్ రోజుల్లో యేసే విజేత అన్న కేకతో ఆ పోరాటం ముగిసిందని సంఘం పైఅధికారులకు నివేదిక రాశాడు. ఆయన తంతు ఏదీ వాడలేదు, ఉపవాసం, ప్రార్థన, ఓపిక తప్ప. కార్ల్ బార్త్ వంటి వేదాంతి తన మహాగ్రంథంలో ఆ కేకను శీర్షికగా పెట్టుకోవడం వల్ల ఈ పల్లె పాస్టరు వేదాంత చరిత్రలో నిలిచిపోయాడు. బార్త్ తరానికే చెందిన జర్మన్ వేదాంతి బుల్ట్‌మన్ 1941లో దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున నిలబడ్డాడు. కరెంటు దీపాలు, రేడియో వాడే మనిషి కొత్త నిబంధన నాటి ఆత్మల లోకాన్ని నమ్మలేడన్నాడు. రేడియోలూ ఫోన్లూ వాడుతూనే నమ్మేవాళ్ళు ఇన్ని కోట్లమంది ఉంటారని ఆయన ఊహించినట్టు లేదు.

1976లో బవేరియాలో 23 ఏళ్ళ విద్యార్థిని తిండి మానేసి శుష్కించి చనిపోయింది. అంతకుముందు ఏళ్ళ తరబడి మూర్ఛకు చికిత్స పొందింది. చివరి పది నెలల్లో 67 సార్లు ఉచ్చాటన జరిగింది. ఇద్దరు గురువులూ బిషప్ అనుమతితోనే చేశారు. 1978లో కోర్టు ఆ గురువులకూ తల్లిదండ్రులకూ నిర్లక్ష్యం వల్ల మరణానికి కారకులైనందుకు ఆరు నెలల శిక్ష వేసి, అమలును నిలిపింది. అనుమతి, పదవి, గ్రంథం అన్నీ సక్రమంగా ఉన్నచోట కూడా పిల్ల బతకలేదన్నది ఈ కేసును మరిచిపోనివ్వదు. ఇంగ్లండులో 1974లో ఒక మనిషికి రాత్రంతా ఉచ్చాటన జరిగాక అతను తెల్లవారి భార్యను చంపాడు. మరుసటి ఏడాది ఆంగ్లికన్ చర్చి కొత్త మార్గదర్శకాలు పెట్టింది. వైద్యులతో కలిసి పనిచేయాలి, సాధ్యమైనంత తక్కువ హడావుడితో చేయాలి, తరువాత కూడా ఆ మనిషి బాగోగులు చూడాలి అన్నది వాటి సారం.

మానసిక వైద్యం ఈ అనుభవాన్ని కొట్టిపారేయకుండా వర్గీకరించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితా పదకొండో కూర్పులో పూనకానికి సంబంధించిన రుగ్మతకు వేరే పద్దు ఉంది. అయితే ఆ సంస్కృతిలో మతాచారంగా అంగీకరించినది రుగ్మత కిందికి రాదని షరతు పెట్టింది. మార్కు 9లోని కుర్రవాణ్ణి మత్తయి చాంద్రరోగి అన్నాడు. నేలపడి, నురగ కక్కి, పళ్ళు కొరికే ఆ వర్ణన మూర్ఛకు సరిపోతుందని చాలామంది వైద్యులు అంటారు. రోగాన్నీ దయ్యాన్నీ సువార్తికులు ఎప్పుడూ ఒకటి చేయలేదన్నదీ నిజమే. జ్వరం, కుష్ఠు, గుడ్డితనం బాగైన కథల్లో చాలావరకు దయ్యం ఊసు ఉండదు.

పెంతెకొస్తు యుగం

1906లో లాస్ ఏంజెలిస్‌లోని అజూసా వీధి కూడికల తరువాత పెరిగిన పెంతెకొస్తు ఉద్యమం ఈ అధికారాన్ని మళ్ళీ సాదా విశ్వాసి చేతిలో పెట్టింది. టెర్టూలియన్ వాదనే ఇది. దాంతోపాటు పాత తగాదాలూ తిరిగొచ్చాయి. మారుమనస్సు పొందిన విశ్వాసికి దయ్యం పట్టగలదా? పట్టదని అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ 1972లో ప్రకటించింది. పీడించగలదని డెరెక్ ప్రిన్స్ వంటి బోధకులు పట్టుబట్టారు. 1980ల చివర పీటర్ వాగ్నర్, దానియేలు 10వ అధ్యాయంలోని పారసీకుల అధిపతిని ఆధారం చేసుకొని, ఒక్కో నగరానికీ దేశానికీ ఒక్కో దురాత్మ ఏలిక ఉంటుందనీ, ముందు దాన్ని బంధించాలనీ బోధించాడు. నగరాల చుట్టూ నడుస్తూ ప్రార్థించడం ఆ బోధతోనే వ్యాపించింది. సువార్తికులను కూడగట్టిన లౌజాన్ ఉద్యమమే 1993లో దీని మీద హెచ్చరిక చేసింది. యూదా పత్రికలో ప్రధాన దూత మిఖాయేలు సైతం అపవాదిని తానుగా దూషించక ప్రభువే గద్దించాలని వదిలేశాడన్నది విమర్శకుల ప్రధాన ఆధారం.

ఆఫ్రికాలో ఈ కథ రోమాను కూడా తాకింది. జాంబియాలో లుసాకా ఆర్చిబిషప్ ఎమ్మాన్యుయెల్ మిలింగో 1973 నుంచి స్వస్థత, ఉచ్చాటన కూడికలు నడిపితే వేలమంది వచ్చారు. పదవి, అనుమతి, గురుత్వం అన్నీ ఆయనకు ఉన్నాయి. అయినా 1982లో రోమాకు పిలిపించారు, మరుసటి ఏడు ఆ పీఠం వదులుకున్నాడు. జనం భయపడే ఆత్మల గురించి యూరోపియన్ గురువులకు చెప్పేదేమీ లేకపోయిందన్నది ఆయన ఫిర్యాదు.

తెలుగు నేల

మిలింగో చెప్పిన ఈ లోటునే ఎత్తి చూపిన వ్యాసం ప్రపంచ మిషనరీ చదువుల్లో ప్రసిద్ధం. దాని వేళ్ళు తెలంగాణలో ఉన్నాయి. పాల్ హీబర్ట్ 1932లో శంషాబాద్‌లో మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీల ఇంట్లో పుట్టాడు. తరువాత మహబూబ్‌నగర్ ప్రాంతంలో పనిచేశాడు. కొండూరు అనే గ్రామం మీద 1971లో మానవశాస్త్ర గ్రంథం ప్రచురించాడు. 1982 నాటి వ్యాసంలో ఆయన చెప్పిన సంఘటన ఇది. ఊళ్ళో మశూచి లేచింది. మైసమ్మ కోపమని, దున్నపోతును బలి ఇవ్వాలని, ఇంటింటికీ చందా వేయాలని పెద్దలు తేల్చారు. క్రైస్తవులు ఇవ్వమన్నారు. బావి నీళ్ళు బంద్ అయ్యాయి, దుకాణంలో సరుకు పుట్టలేదు. అంతలో క్రైస్తవుల పిల్లకే అమ్మవారు పోసింది. సంఘ పెద్ద నడుచుకుంటూ వచ్చి ప్రార్థన చేయమని అడిగినప్పుడు, మశూచి అంటే సూక్ష్మక్రిమి అని చదువుకున్న ఆ మిషనరీ ఇరుకున పడ్డాడు. పాశ్చాత్యుడి లోకంలో పైన దేవుడున్నాడు, కింద విజ్ఞానశాస్త్రం ఉంది. నడుమ ఉండే దిష్టి, చేతబడి, గ్రామదేవత, గాలి సోకడం అన్న అంతస్తు లేనే లేదు. అందుకే ఆ బాధలు వచ్చినప్పుడు విశ్వాసులు చాటుగా మంత్రగాడి దగ్గరికి పోయారని ఆయన తేల్చాడు. అదే హీబర్ట్ తరువాత వాగ్నర్ తరహా పోరాట బోధనూ ఒప్పుకోలేదు. మంచి చెడు శక్తులు సరిసమానంగా తలపడే పాత పురాణ కథను బైబిలుకు అంటగట్టారన్నాడు.

చందా మీద వచ్చిన ఆ ఊరి తగవు కొత్తది కాదు. మిషనరీ క్లౌ దొర కాలంలో, 1860ల చివర, ఒంగోలు చుట్టూ మాదిగలు క్రైస్తవులైనప్పుడు జాతరలో డప్పు కొట్టమని మొరాయించారు. గ్రామ పెద్దలు నీళ్ళు, పని ఆపేశారు. దేవత ముందు కొలువుకు సెలవు చెప్పడం వాళ్ళకు దురాత్మల మీద విజయమూ, ఊరి వెట్టి మీద తిరుగుబాటూ. రెంటినీ విడదీసి చూడలేం. గ్రామదేవతలను దయ్యాలని పిలవడం మాత్రం ఇరుగుపొరుగుల మధ్య నేటికీ మానని గాయం. జస్టిన్ కాలపు వాదాన్ని తెలుగు వీధి మైకులో వినిపించినప్పుడు దాని ఫలితం వేరుగా ఉంటుంది.

పి.వై. లూక్, జాన్ కార్మన్ 1959లో మెదక్ డయాసిస్ పల్లెల్లో పరిశీలించి 1968లో తెచ్చిన పుస్తకం గ్రామ క్రైస్తవుల నమ్మకాలను దగ్గరగా చూపిస్తుంది. ప్రార్థన, తాయెత్తు, అమ్మవారి భయం ఒకే ఇంట్లో పక్కపక్కనే బతికాయి. ఆ నడుమ అంతస్తులోకి నేరుగా దిగింది పాత మిషను సంఘాలు కాదు, స్వతంత్ర, పెంతెకొస్తు సంఘాలు. ఉపవాస కూడిక, స్వస్థత కూడిక, తల మీద చెయ్యి వేసి రాసే ప్రార్థన నూనె, యేసు రక్తమే జయం అన్న నినాదం వాటితో ఊరూరికీ చేరాయి. బాణామతి, చిల్లంగి అన్న భయాలకు అక్కడ సూటి జవాబు దొరికింది. భూతవైద్యుడికి కోడి, సారా, డబ్బు ఇచ్చుకోవాలి. ఇక్కడ ప్రార్థన ఉచితమన్నది ఆకర్షణ. కానుకల పేరిట ఆ తేడా చెరిగిపోయిన చోట్లూ లేకపోలేదు.

ఈ కూడికల్లో వేదాంతానికీ అనుభవానికీ మధ్య ఒక సందు ఉంది. అన్ని సంఘాల సిద్ధాంతంలోనూ దయ్యాలంటే పడిపోయిన దూతలు. కూడికలో నోరు విప్పిన దయ్యం మాత్రం తరచు తాను ఫలానా బావిలో పడి చచ్చిన కోడలిననో, ఉరి వేసుకున్న పొరుగింటి మనిషిననో చెబుతుంది. చచ్చినవాళ్ళ పేరుతో మోసం చేస్తోందని కొందరు పాస్టర్లు గద్దిస్తారు. కొందరు ఆ పేరే అడిగి తెలుసుకుంటారు. రెండోది 1985 నాటి రోమా ఉత్తరం వద్దన్న పద్ధతే. పట్టినట్టు కనబడేవాళ్ళలో కొత్త కోడళ్ళు, పిల్లలు లేని స్త్రీలు, భర్త తాగుడుతో నలిగినవాళ్ళు ఎక్కువని గమనించినవాళ్ళు చెబుతారు. మామూలుగా పెదవి విప్పని మనిషి ఆ ఒక్కపూట అత్తనూ మొగుడినీ పేరు పెట్టి తిట్టగలుగుతుంది. తిట్టు దయ్యం ఖాతాలో పడుతుంది. అనుభవం గల పాస్టరు ప్రార్థన అయ్యాక ఆ ఇంటివాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడతాడు. మూర్ఛ మాత్రలు, మానసిక వైద్యుడు రాసిన మందులు ఆపవద్దని చెబుతాడు. విశ్వాసం ఉంటే మాత్ర ఎందుకని అడిగే బోధకులూ ఉన్నారు, ప్రమాదం వాళ్ళతోనే.

చట్టం దయ్యాల ఉనికి జోలికి పోదు. 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం తాయెత్తు, మంత్రం, కవచం వంటివాటితో రోగాలు నయమవుతాయని ప్రచారం చేయడాన్ని నిషేధించింది. అది వర్తించే రోగాల పట్టికలో మూర్ఛ, పిచ్చి ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టరాదంటుంది. విడుదల కోసం రోగులను వారాల తరబడి ఉంచుకునే ప్రార్థనా కేంద్రం, ఏ మతానిదైనా, దీన్ని తప్పించుకోలేదు.